చైనీస్‌లో బిక్కమొహం రాయడం ఎలా? ఏడు గీతల్లో ఒక అక్షరం

"అక్కా, ఆ మొహంలాంటి చైనీస్ అక్షరం ఉంటుంది కదా, డబ్బాలో కనుబొమలు వాలిపోయి నోరు తెరిచినట్టు, అది ఎలా రాయాలి?"

ఈ ప్రశ్న అడిగినవాళ్ళలో చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్న తమ్ముళ్ళున్నారు, సింగపూర్‌లో ఉద్యోగం చేస్తూ ఆఫీసు గ్రూప్‌లో ఆ అక్షరం చూసి అర్థం కాక ఫొటో తీసి పంపినవాళ్ళున్నారు, ఇంట్లోనే ఉండి ఇష్టంగా చైనీస్ మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్‌లు పెట్టే బదులు ఒకసారి వివరంగా రాసేస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. దీన్ని చూసి బొమ్మ గీసినట్టు గీయకండి. మొహంలా కనిపించినా ఇది అక్షరమే, దీనికి లెక్కగా ఏడు గీతలు, వాటికో వరస, ఒక ఉచ్చారణ, ఒక అర్థం ఉన్నాయి. అక్షరంలా నేర్చుకుంటే వారంలో చేతికి వచ్చేస్తుంది, పైగా ఈ ఏడు గీతలతో పడిన అలవాటు 'నాలుగు', 'దేశం', 'తిరిగి రావడం' లాంటి డబ్బా ఆకారపు అక్షరాలన్నిటికీ అక్కరకొస్తుంది. బొమ్మలా గీస్తూ పోతే మాత్రం నెల తర్వాత కూడా ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. చాలామంది నోట్‌బుక్కుల్లో చూశాకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంతకీ ఇది ఏ అక్షరం

పలకడం 'చ్యొంగ్'. ఇంగ్లిష్ అక్షరాల్లో జె, ఐ, ఓ, ఎన్, జి అని రాస్తారు. అలా రాసే పద్ధతిని పిన్‌యిన్ అంటారు, చైనాలో 1958 నుంచి అధికారికంగా ఉంది.

అసలు అర్థానికీ మొహానికీ ఏ సంబంధమూ లేదు. దాదాపు 1,900 ఏళ్ళ కింద షూ షెన్ అనే పండితుడు కూర్చిన నిఘంటువులో దీనికి వెలుతురు పడే జాలీ కిటికీ అని అర్థం చెప్పాడు. 'వెలుగు' అనే అక్షరాన్ని ఇప్పుడు సూర్యుడు, చంద్రుడు కలిపి రాస్తున్నారు కానీ పాత రూపాల్లో ఒకటి ఈ కిటికీ పక్కన చంద్రుణ్ణి పెట్టి రాసేది, అంటే కిటికీలోంచి పడే వెన్నెల. నాకు చాలా ఇష్టమైన అక్షరం అది.

తర్వాత ఎన్నో ఏళ్ళు దీన్ని ఎవరూ పెద్దగా వాడలేదు. 2008 ప్రాంతంలో చైనీస్ ఇంటర్నెట్‌లో కుర్రకారు దీన్ని మళ్ళీ బయటికి తీశారు. వాలిన కనుబొమలు, తెరిచిన నోరు చూసి 'ఇది మొహమే కదా' అనుకున్నారు. ఇరకాటంలో పడటం, సిగ్గుతో ఏం చేయాలో తోచకపోవడం అనే అర్థం ఉన్న వేరే అక్షరం ఒకటి సరిగ్గా ఇదే ధ్వనితో ఉంది, కాబట్టి అర్థం కూడా సులువుగా అతుక్కుంది. మన భాషలో దీనికి సరిపోయే మాట బిక్కమొహం. సందర్భాన్ని బట్టి 'ఏడవలేక నవ్వాను' అనేది కూడా.

థియరీ ఇక్కడితో చాలు.

కావలసినవి

- పిల్లలు లెక్కలకు వాడే గళ్ళ నోట్‌బుక్. గడి పెద్దగా ఉన్నది తీసుకోండి. లేకపోతే తెల్ల కాగితం మీద స్కేలుతో గళ్ళు కొట్టుకోండి.
- పెన్సిల్, రబ్బరు. మొదటి మూడు రోజులు పెన్ను వద్దు, బ్రష్ అసలే వద్దు. బ్రష్‌తో మొదలుపెడితే మీ దృష్టంతా ఇంకు మీదకు పోతుంది, వరస గాలికి పోతుంది.
- స్మార్ట్‌ఫోన్.
- ఒక పల్చటి టిష్యూ కాగితం. ఇది రాయడానికి కాదు, ఉచ్చారణ సరిచూసుకోవడానికి.
- రోజుకు ఇరవై నిమిషాలు, ఏడు రోజులు. ఒకే రోజు రెండు గంటలు కూర్చునే కన్నా ఇదే మేలు, ఎందుకంటే రాత్రి మరిచిపోయి పొద్దున గుర్తు తెచ్చుకునే ప్రయత్నంలోనే అక్షరం నిలుస్తుంది.

దశలవారీగా

1. ముందు అక్షరాన్ని మీ ఫోన్‌లోకి తెచ్చుకోండి

ఎక్కడో చూసిన స్టిక్కర్‌నో, మసకగా ఉన్న స్క్రీన్‌షాట్‌నో చూసి రాయకండి. మీరే టైప్ చేసి పెద్దగా చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో జీబోర్డ్ ఉంటే దాని సెట్టింగ్స్‌లో భాషల దగ్గరికి వెళ్ళి కొత్త కీబోర్డ్‌గా సరళీకృత చైనీస్, అందులో పిన్‌యిన్ ఎంచుకోండి. ఐఫోన్‌లోనూ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఇలాగే చేర్చుకోవచ్చు. అక్కడే చేతిరాత కీబోర్డ్ కూడా కనిపిస్తుంది, దాన్నీ ఇప్పుడే పెట్టేసుకోండి, తర్వాత కావాలి.

ఇప్పుడు జె-ఐ-ఓ-ఎన్-జి కొట్టండి. పైన వరసగా నాలుగైదు అక్షరాలు వస్తాయి. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది, వాటిలో ఏదో ఒకటి నొక్కేస్తారు. అన్నీ చ్యొంగ్‌లే, కానీ వేరువేరు అక్షరాలు. ఒకదానికి నెత్తిన ఇంటికప్పులాంటిది ఉంటుంది, ఇరకాటం అనే అర్థం ఉన్న అసలు అక్షరం అదే. ఒకదానికి ఎడమ పక్కన నిప్పు గుర్తు ఉంటుంది, అది కళ్ళు మెరవడం గురించి. ఒకదానికి ఎడమ నుంచి అడుగు దాకా పడవలా సాగిన గీత ఉంటుంది. మనకు కావలసింది నాలుగు వైపులా గోడలు మూసి ఉన్న డబ్బా.

మరీ దగ్గర పోలికతో ఇంకొకటి వస్తుంది, అచ్చం మనదానిలాగే ఉంటుంది కానీ అడుగు గోడ ఉండదు, లోపలి నోరు మాత్రం పూర్తిగా మూసి ఉంటుంది. అది ఇదే అక్షరానికి ఇంకో రూపం. నిఘంటువు ప్రకారం తప్పేమీ కాదు, కానీ మొహంగా వాడేది అడుగున్నదాన్నే.

కంప్యూటర్‌లో కావాలంటే ఇంకో దారి ఉంది. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వర్డ్ తెరిచి 56, తర్వాత ఇంగ్లిష్ అక్షరం ఇ, తర్వాత 7 కలిపి కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. అక్షరం ప్రత్యక్షమవుతుంది. అది దాని యూనికోడ్ సంఖ్య, కాబట్టి పొరపాటుకు తావు లేదు.

వచ్చాక ఫాంట్ సైజు పెంచి స్క్రీన్ నిండా పెట్టుకుని ఒక నిమిషం ఊరికే చూడండి. సరళీకృత చైనీస్‌లోనూ సంప్రదాయ చైనీస్‌లోనూ ఈ అక్షరం ఒకేలా ఉంటుంది, కాబట్టి స్నేహితులు తైవాన్‌లో ఉన్నా షాంఘైలో ఉన్నా తేడా రాదు.

2. గడి సిద్ధం చేసుకోండి

గళ్ళ నోట్‌బుక్‌లో పక్కపక్కన రెండు, వాటి కింద రెండు, మొత్తం నాలుగు గళ్ళు కలిపి చుట్టూ పెన్‌తో దళసరి గీత కొట్టండి. ఇప్పుడు మీ ముందు ఒక పెద్ద గడి, దాని మధ్యలో ప్లస్ గుర్తు ఉన్నాయి. చైనాలో బడిపిల్లలు రాసేది సరిగ్గా ఇలాంటి గళ్ళలోనే. 'పొలం' అనే అక్షరం ఆకారం కూడా ఇదే కాబట్టి దాన్ని పొలం గడి అంటారు. మన లెక్కల పుస్తకంలో అది తయారుగా దొరకడం మన అదృష్టం.

ఒక పేజీకి పది పన్నెండు పెద్ద గళ్ళు వస్తే చాలు. ఇంకా చిన్నగా కొడితే లోపలి నోరు ఇరుక్కుపోతుంది.

3. ఏడు గీతలు, ఈ వరసలోనే

ఇదే అసలు పని, నిదానంగా చదవండి.

ఒకటో గీత, ఎడమ గోడ. గడి అంచుకు కాస్త లోపల మొదలుపెట్టి పై నుంచి కిందికి నిలువుగా. అంచులకు ఆనించి రాయకండి, చుట్టూ కొంచెం ఖాళీ ఉండాలి.

రెండో గీత, పైకప్పు, కుడి గోడ రెండూ కలిపి. ఎడమ గోడ తల దగ్గర మొదలుపెట్టి కుడికి వెళ్ళండి, మూల రాగానే ఒక్క క్షణం ఆగండి, పెన్సిల్ ఎత్తకుండా అక్కడి నుంచి నేరుగా కిందికి దిగండి. మధ్యలో పెన్సిల్ ఎత్తితే అది రెండు గీతలవుతుంది, లెక్క తప్పుతుంది.

మూడో గీత, ఎడమ కనుబొమ. పైకప్పుకు కొద్దిగా కింద, మధ్య గీతకు కాస్త ఎడమగా మొదలుపెట్టి ఎడమ గోడ వైపు కిందికి వాల్చండి. చివర చెయ్యి తేలిక చేస్తే గీత సన్నబడుతుంది.

నాలుగో గీత, కుడి కనుబొమ. అదే ఎత్తులో, మధ్యకు కాస్త కుడిగా మొదలుపెట్టి కుడి గోడ వైపు కిందికి. ఇది కూడా పై నుంచి కిందికే, కింద మొదలుపెట్టి పైకి లాగకూడదు. రెండు బొమల మధ్య చిన్న సందు ఉండాలి, కలిసిపోతే మొహం పోయి ఇంటి కప్పు వస్తుంది.

ఐదో గీత, నోటికి ఎడమ వైపు. గడి కింది సగంలో ఒక పొట్టి నిలువు గీత. ఇది కిందికి ఎంతవరకు రావాలన్నది ముఖ్యం, ఎడమ గోడ ఎక్కడ ఆగిందో అంతవరకూ రావాలి.

ఆరో గీత, నోటి పై అంచు, కుడి అంచు కలిపి. రెండో గీతలాంటిదే, చిన్న సైజులో. కుడికి వెళ్ళి, మూలలో ఆగి, కిందికి.

ఏడో గీత, అడుగు. ఎడమ గోడ కాలు దగ్గర మొదలుపెట్టి కుడి గోడ కాలు దాకా ఒకే అడ్డగీత. ఇది ఇంటికి గడప, నోటికి కింది పెదవి, రెండూ ఇదే. అందుకే నోటికి విడిగా అడుగు గీయం.

లోపలివన్నీ రాశాకే డబ్బా మూయాలన్నది చైనీస్ రాతలో గట్టి నియమం. ఇంటివాళ్ళంతా లోపలికి వచ్చాకే కదా తలుపు వేస్తాం, అలా గుర్తుపెట్టుకోండి.

రాసేటప్పుడు పైకి అనుకోవడానికి నేను ఒక వరస కట్టుకున్నాను, నేర్పినవాళ్ళందరికీ ఇదే చెబుతున్నాను: *గోడ, కప్పూగోడ, బొమ, బొమ, నోరు, నోరు, గడప.* ఒక్కో మాటకు ఒక్కో గీత. మీ మాట ఆగకుండా మీ చెయ్యి ఎక్కడైనా అదనంగా కదిలిందంటే అక్కడ తప్పు చేస్తున్నట్టు.

ఎడమచేతివాటం వాళ్ళు తరచూ అడుగుతారు, మాకు వరస తిరగేయాలా అని. అక్కర్లేదు, ఇదే వరస. కాగితం కాస్త వాలుగా పెట్టుకుంటే చేతికి సుఖంగా ఉంటుంది.

4. ఎన్నిసార్లు రాయాలి

మొదటి రోజు పదిసార్లు, ఫోన్‌లో చూస్తూ. రెండో రోజు పొద్దున లేవగానే చూడకుండా ఒక్కసారి రాయండి, ఎక్కడ ఆగిపోయారో అక్కడ చుట్టండి, అప్పుడు ఫోన్ చూడండి, తర్వాత ఐదుసార్లు రాయండి. మిగతా రోజులన్నీ ఇంతే. వందసార్లు ఇంపొజిషన్ రాయకండి, పదిహేనోసారి దాటాక చెయ్యే పోతుంది కానీ మనసు పోదు, తప్పు రాస్తే ఆ తప్పే వందసార్లు అలవాటవుతుంది.

నాలుగో రోజు నుంచి పెన్ను పట్టుకోవచ్చు. ఐదో రోజు గళ్ళు లేని తెల్ల కాగితం మీద ప్రయత్నించండి.

5. పలకడం

ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక మేలు, ఒక ప్రమాదం.

మేలు ఏమిటంటే మనకు చ, ఛ వేరువేరుగా ఉన్నాయి. పిన్‌యిన్‌లో జె అని రాసేది మన 'జ' కాదు, గాలి వదలని తాలవ్య 'చ'. చిన్న, చీర అనేటప్పుడు వచ్చే చ. గాలి గట్టిగా వదిలే ఛ కూడా చైనీస్‌లో ఉంది కానీ దానికి వాళ్ళు క్యూ అక్షరం రాస్తారు. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునేవాళ్ళు ఈ తేడా పట్టుకోవడానికి తంటాలు పడతారు, మనకు ఒకటో తరగతి వర్ణమాలలోనే ఉంది.

ప్రమాదం ఏమిటంటే మాటల్లో మనం ఛని కూడా చ లాగే అనేస్తాం, జె అక్షరం కనిపించగానే 'జియోంగ్' అనేస్తాం. అందుకే టిష్యూ. దాన్ని నోటికి నాలుగు వేళ్ళ దూరంలో వేలాడదీసి చ్యొంగ్ అనండి. కాగితం దాదాపు కదలకూడదు. ఎగిరితే మీరు ఛ అంటున్నారు. రెండో చేతిని గొంతు మీద పెట్టుకోండి, మాట మొదలయ్యే క్షణంలోనే గొంతు అదిరితే జ అంటున్నారు.

చివరి ధ్వని 'ంగ్' అని రాశాను కానీ 'గ' వినిపించకూడదు. వాఙ్మయంలో ఉన్న ఙ, అక్కడే ఆపేయాలి.

ఇక స్వరం. చైనీస్‌లో ఒకే ధ్వని గొంతు ఎత్తుదింపుల్ని బట్టి వేరే మాట అవుతుంది. మనది మూడో స్వరం, పిన్‌యిన్‌లో ఓ అక్షరం నెత్తిన చిన్న లోయలాంటి గుర్తు పెడతారు. గొంతు బాగా కిందికి దింపాలి, నిద్రమత్తులో ఉన్నవాణ్ణి పిలిస్తే 'ఊ...' అన్నంత కిందికి. ఒంటరిగా పలికితే చివర కొంచెం పైకి లేస్తుంది. చాలామంది ఆ లేవడం మీదే బలం పెట్టి ప్రశ్న అడిగినట్టు పలుకుతారు, అది రెండో స్వరంలా వినిపిస్తుంది. కిందికి దిగడం ముఖ్యం, లేవడం తక్కువైనా ఫరవాలేదు.

6. వాక్యంలో వాడటం

అక్షరాన్ని ఒంటరిగా పంపినా అర్థమవుతుంది. మాటల్లో కలపాలంటే ఈ మూడు చాలు:

- హన్ చ్యొంగ్: చాలా ఇబ్బందిగా ఉంది. ఇక్కడ రెండు మూడో స్వరాలు పక్కపక్కన వచ్చాయి కాబట్టి మొదటిది రెండో స్వరంగా మారుతుంది, అంటే 'హన్' పైకి లేస్తుంది.
- థాయ్ చ్యొంగ్ ల: అబ్బా, మరీ ఇబ్బంది అయిపోయింది. ఇందులో థ నిజంగా మన థ, గాలి వదలాలి.
- చ్యొంగ్ ష: బిక్కమొహం వేయించే సంగతి. 'ష' నాలుక కాస్త వెనక్కి మడిచి.

ఎప్పుడు వాడాలి? బస్సులో వేరే ఎవరినో మీ ఫ్రెండ్ అనుకుని భుజం తట్టారు, అప్పుడు. ఫ్యామిలీ గ్రూప్‌లో పంపాల్సిన ఫొటో ఆఫీసు గ్రూప్‌లో పడింది, అప్పుడు. పెళ్ళిలో ఎవరో వచ్చి "నన్ను గుర్తుపట్టావా" అంటే ఎవరో తెలియక నవ్వుతూ నిలబడ్డారు, అప్పుడు తప్పకుండా.

ఎప్పుడు వాడకూడదో ఇంకా ముఖ్యం. అవతలివాళ్ళు నిజంగా దుఃఖంలో ఉన్నప్పుడు పంపకండి. మొహం ఏడుపులా కనిపిస్తుంది కదా అని సంతాపంగా పంపినవాళ్ళు నాకు తెలుసు, అవతలివాళ్ళ మనసు నొచ్చుకుంది. దరఖాస్తులో, ప్రొఫెసర్‌కు రాసే మెయిల్‌లో, పరీక్ష జవాబులో కూడా వద్దు. అలాంటిచోట ఇబ్బందికరం అనడానికి 'కాన్‌కా' అనే మామూలు మాట ఉంది, పిన్‌యిన్‌లో జి అక్షరంతో మొదలవుతుంది.

ఇంకొకటి, ఇప్పటి కాలేజీ పిల్లలకు ఇది కొంచెం పాత ఫ్యాషన్. కానీ అందరికీ అర్థమవుతుంది. 2012లో వచ్చిన ఒక కామెడీ సినిమా పేరులో ఈ అక్షరం ఉంది, చైనాలో వంద కోట్ల యువాన్లు దాటి వసూలు చేసిన మొదటి చైనా సినిమా అదే, కాబట్టి సినిమాలు చూసే పెద్దవాళ్ళకూ తెలుసు.

ఎక్కువమంది చేసే తప్పులు

*మూలలు గుండ్రంగా రావడం.* ఇది మన తెలుగు చేతి తప్పు, నన్నడిగితే అన్నిటికన్నా పెద్దది ఇదే. పుట్టిన దగ్గర్నుంచి సున్నాలు, వంపులు తిప్పిన చెయ్యి కదా, మూల రాగానే తనంతట తానే తిరిగిపోతుంది. అక్షరం 'ఠ'లా తయారవుతుంది. మందు ఒకటే, రెండో గీతలో, ఆరో గీతలో మూల దగ్గర పెన్సిల్ ఆపి, మనసులో 'ఆగు' అనుకుని, అప్పుడు కిందికి దిగడం. మొదటి రోజు ఆ రెండు గీతలే విడిగా ఒక పేజీ రాయండి. విసుగనిపించినా చేయండి, మిగతా చైనీస్ అక్షరాల్లో సగం కష్టం అక్కడే తీరిపోతుంది.

*ఎనిమిది గీతలు రావడం.* నోటికి విడిగా అడుగు గీసి, మళ్ళీ డబ్బాకు అడుగు గీస్తారు. అప్పుడు నోరు గాల్లో తేలుతుంది. నేను మొదట్లో వారం పాటు ఇలాగే రాశాను, ఎందుకంటే 'నోరు' అనే అక్షరం విడిగా నేర్చుకున్నప్పుడు దానికి మూడు గీతలుంటాయి, అదే ఇక్కడ దింపేశాను. ఈ అక్షరంలో నోరు గడప మీద కూర్చుని ఉంటుంది.

*డబ్బా ముందే మూసేయడం.* పూర్తయ్యాక చూస్తే తేడా తెలియదు కాబట్టి ఏమవుతుందిలే అనుకుంటారు. అవుతుంది. లోపల ఎంత చోటు మిగిలిందో తెలియక నోరు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది. ముందు నోటి రెండు గీతలు కిందికి దించి, ఆ తర్వాత అడుగు వేస్తే అన్ని కాళ్ళూ ఒకే గీత మీద నిలుస్తాయి.

*కనుబొమలు తిరగబడటం.* బయటి కొసలు కిందికి ఉండాలి. లోపలి కొసలు కిందికి వస్తే అది కోపం మొహం, అలాంటి అక్షరం లేనే లేదు.

*కళ్ళు పెట్టడం.* బొమల కింద రెండు చుక్కలు పెట్టేస్తారు, ముద్దుగా ఉంటుందని. చైనీస్‌లో చుక్క అంటే అదీ ఒక గీతే, అక్షరం మారిపోతుంది.

*'నాలుగు'తో కలగాపులగం.* నాలుగు కూడా డబ్బాయే, లోపల వాలు గీత ఒకటి, వంగిన గీత ఒకటి, అంతే, మొత్తం ఐదు. నోరు లేదంటే అది నాలుగు.

ఫాంట్‌ను బట్టి కనుబొమలు పైకప్పును తాకినట్టు ఒకచోట, తాకనట్టు ఇంకోచోట కనిపిస్తాయి. టెన్షన్ పడకండి, రెండూ సరే. చేత్తో రాసేటప్పుడు కొంచెం ఎడం ఉంచితే బొమల్లా శుభ్రంగా కనిపిస్తాయి.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

ఫోన్‌లో చేతిరాత కీబోర్డ్ తెరిచి వేలితో రాయండి. పైన వచ్చే వరసలో మొదటిదో రెండోదో మన అక్షరం అయితే ఆకారం కుదిరినట్టే. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో చైనీస్ ఎంచుకుని చేత్తో రాసే చోటా ఇదే చేయొచ్చు. అయితే ఈ పరీక్ష ఒక్కటీ నమ్ముకోకండి. ఫోన్ చాలా ఉదారంగా ఉంటుంది, గీతల వరస తప్పినా, ఒక గీత ఎక్కువైనా సరే అని ఒప్పేసుకుంటుంది.

వరస కోసం వీడియో తీసుకోవాలి. ఫోన్‌ను రెండు పుస్తకాల మధ్య నిలబెట్టి మీ చెయ్యి మాత్రమే కనపడేలా పెట్టి, చూడకుండా మూడుసార్లు రాయండి. తర్వాత నిదానంగా చూస్తూ పెన్సిల్ ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టండి. గీతకూ గీతకూ మధ్య ఆరుసార్లు, చివర ఒకసారి, మొత్తం ఏడు. ఎక్కువైతే మూల దగ్గర ఎత్తారు, లేదా నోటికి అడుగు వేశారు. తక్కువైతే రెండు గీతలు కలిపేశారు, సాధారణంగా అది రెండు బొమల్నీ ఒకే ఊపులో రాసేయడం వల్ల.

ఆకారానికి ఇంకో పరీక్ష, కాగితాన్ని గోడకు అతికించి పది అడుగుల దూరం నుంచి చూడండి. మొదట మొహం కనిపిస్తే బాగుంది. మొదట కిటికీ కనిపిస్తే బొమలు మరీ నిటారుగా ఉన్నాయి. మొదట డబ్బాలో డబ్బా కనిపిస్తే నోరు మరీ పెద్దదైంది, అది 'తిరిగి రావడం' అనే అక్షరం వైపు పోతోంది. నోటి వెడల్పు డబ్బా వెడల్పులో సగానికి మించకుండా చూసుకోండి.

ఉచ్చారణకు ఫోన్‌లో మాట్లాడి రాయించే సౌకర్యాన్ని చైనీస్‌కు మార్చి 'థాయ్ చ్యొంగ్ ల' అనండి. ఒంటరి చ్యొంగ్ అంటే ఏ చ్యొంగో దానికీ తెలియదు, అందుకే వాక్యంతో పరీక్షించాలి. ఇంటి పైకప్పున్న అక్షరం వచ్చినా సంతోషించండి, ధ్వని ఒకటే కదా, మీ పలకడం సరైందే.

టీషర్ట్ మీద వేయించుకునేవాళ్ళకు, పచ్చబొట్టు పొడిపించుకునేవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. చేతిరాత ఇవ్వకండి, మొదటి దశలో టైప్ చేసినదే ఇవ్వండి, ప్రింట్ అయ్యే ముందు ప్రూఫ్ చూడండి. నాకు తెలిసిన ఒకమ్మాయి ఇరవై టీషర్టులు వేయిస్తే, దుకాణంలో వాళ్ళు బొమ్మ అనుకుని తలకిందులుగా అచ్చువేసి ఇచ్చారు, నోరు పైకి వచ్చింది, అన్నీ వృథా అయ్యాయి.

వారం తర్వాత

ఇది వచ్చాక అసలైన నవ్వు, ఏడుపు అక్షరాలకు వెళ్ళండి. రెండిటికీ తలా పది గీతలు. 'నవ్వు'లో పైన వెదురు గుర్తు, కింద నాలుగు గీతలు. ఆ కింది నాలుగింటిలో మొదటి గీత వాలుగా ఉండాలి, అడ్డంగా తిన్నగా గీస్తే ఆకాశం అనే అక్షరం అయిపోతుంది, తొంభై శాతం తప్పులు అక్కడే అని నా అనుభవం. 'ఏడుపు'లో పైన రెండు నోళ్ళు, కింద కుక్క. కుక్కకు కుడివైపు పైన ఒక చుక్క ఉంటుంది, అదే అందరూ మరిచిపోయేది.

ఈ రెండూ కలిసే నాలుగక్షరాల మాట ఒకటి ఉంది, ఖూ ష్యావ్ పూ త, అటు ఏడవనూ లేక ఇటు నవ్వనూ లేక అని అర్థం. మన 'ఏడవలేక నవ్వడం'కు ఇంతకన్నా దగ్గరి చుట్టం చైనీస్‌లో నాకు కనిపించలేదు. నాలుగక్షరాలకూ కలిపి 35 గీతలు, అంటే మీరిప్పుడు నేర్చుకున్న ఏడుకు సరిగ్గా ఐదు రెట్లు. రెండు రోజులకు ఒక అక్షరం చొప్పున రాయండి. మొదట ఏడుపు తీసుకోండి, చుక్క మరిచిపోకండి.